నీడలు చెప్పే దూరం

చీమకుర్తి పక్కన రామతీర్థం కొండ చుట్టూ ఉన్న క్వారీల్లోంచి వచ్చే నల్లరాయిని బజారులో 'బ్లాక్ గెలాక్సీ' అంటారు. నునుపు చేసిన పలక మీద వెలుతురు పడగానే నల్లటి నేలలో బంగారు రవ్వలు మెరుస్తాయి. చుక్కల ఆకాశాన్ని తలపిస్తుంది కాబట్టే ఆ పేరు. వ్యాపారులకు ఇది గ్రానైటే గానీ భూవిజ్ఞానులు దీన్ని గాబ్రో జాతిలో చేరుస్తారు. వంద కోట్ల ఏళ్లకు పూర్వం భూగర్భంలో శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడితే ఏర్పడిన రాయి ఇది. మెరిసే రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. కొనడానికి వచ్చినవారి చూపు ఆ రవ్వల మీదికే పోతుంది. కానీ పలకలో ఎక్కువ భాగం వాటి మధ్యనున్న నలుపే, ఆ రాయి పుట్టుక తెలియాలంటే ఆ నలుపును కూడా చదవాలి. ఆకాశం విషయంలోనూ మనిషి చూపు వేల ఏళ్లపాటు చుక్కల మీదే నిలిచింది. చుక్కల నడుమ ఉన్నది వట్టి చీకటి అనుకున్నాం. ఎక్స్-కిరణాలను పట్టే పరికరాలు వచ్చాక ఆ చీకటి చీకటి కాదని తేలింది; ఏ దిక్కుకు తిప్పినా ఆకాశమంతా మసకగా వెలుగుతూనే ఉంది. ఒక్కొక్క తారకు చెందకుండా అంతటా పరుచుకున్న ఈ వెలుగును వ్యాపించిన ఎక్స్-కిరణ నేపథ్యం అంటారు. దీనికి పటం గీయడమంటే ఏ మూల ఎంత వెలుగుందో నమోదు చేయడమే కదా అనిపిస్తుంది. అరవై ఏళ్ల చరిత్ర చూస్తే వేరే సంగతి బోధపడుతుంది: ఈ పటంలో అర్థమున్న గీతలు చాలావరకు నీడల వల్ల వచ్చినవే.

ఆసుపత్రిలో ఎముకలను చూపించే ఎక్స్-కిరణాలు ఒంటిని దాటిపోయేంత గట్టివి. మనం మాట్లాడుకునేవి చాలా మెత్తనివి, శక్తిలో వాటికి వందో వంతుకు అటూ ఇటూగా ఉండేవి. కొలిమిలో పెట్టిన ఇనుము మొదట ఎర్రగా, ఇంకా కాలితే తెల్లగా వెలుగుతుంది. వేడి పెరిగేకొద్దీ వెలుగు రంగు మారుతుంది. వేడి పది లక్షల డిగ్రీలకు చేరితే పదార్థం వాయువై, దాని పరమాణువులు చాలా ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని, కంటికి ఆనని ఎక్స్-కిరణాలను విరజిమ్ముతాయి. చుక్కల మధ్య అలాంటి వాయువు నిజంగానే ఉంది, అదీ ఊహకందనంత పలచగా. సూర్యుడి చుట్టుపక్కల ఉన్న వేడి వాయువులో లీటరు చోటుకు నాలుగైదు ఎలక్ట్రాన్లకు మించి ఉండవు. అంత పలచనిది కనిపించేంతగా వెలగాలంటే వందల కాంతి సంవత్సరాల మందాన పరుచుకుని ఉండాలి. ఈ వెలుగు నేల మీదికి రాదు, గాలి పొర మొత్తం మింగేస్తుంది. అందుకే దీని కథ రాకెట్లతో మొదలైంది. 1962 జూన్ 18న రికార్డో జకోని బృందం అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి ఒక రాకెట్‌ను పంపింది. చంద్రుడి మీద నుంచి ఎక్స్-కిరణాలు వస్తాయేమో చూడాలన్నది వారి ఉద్దేశం. గాలి పొరకు పైన గడిపిన ఆరు నిమిషాల్లోపే పరికరం వృశ్చిక రాశి వైపున ఒక ప్రచండమైన మూలాన్ని పట్టింది; దానితోపాటు ఏ దిక్కుకు తిరిగినా తగ్గని ఒక మంద్రమైన వెలుగునూ పట్టింది. జకోనికి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజు దొరికిన రెండింటిలో మొదటిది వెంటనే పేరు మోసింది. రెండోదాన్ని విడదీసి అర్థం చేసుకోవడం ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ఆ రోజుల్లో తెలుగు నేల మీద నుంచి కూడా ఎక్స్-కిరణాల కోసం వెతికారు. హైదరాబాదు నుంచి టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి పంపేవారు. 1968లో అలాంటి బెలూనే వృశ్చికంలోని ఆ మూలాన్ని గట్టి ఎక్స్-కిరణాల్లో కొలిచింది. హైదరాబాదును ఎంచుకోవడానికి బలమైన కారణముంది. భూ అయస్కాంత మధ్యరేఖకు ఈ ప్రాంతం దగ్గర. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాల్లో చాలావాటిని ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం పక్కకు మళ్లిస్తుంది, అందువల్ల పరికరంలో దొంగ లెక్కలు తగ్గుతాయి. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్‌నూ, 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్నీ భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే తిప్పడం వెనుక ఉన్నది కూడా ఆ ఆలోచనే. అయితే బెలూన్‌కు ఒక హద్దుంది. నలభై కిలోమీటర్ల ఎత్తున కూడా దాని పైన ఇంకా కొంత గాలి మిగులుతుంది. దాన్ని దాటి వచ్చేవి గట్టి కిరణాలే. మన పాలపుంత వాయువు వెలుగంతా మెత్తని కిరణాల్లో ఉంటుంది కాబట్టి దాన్ని చూడాలంటే రాకెట్టో ఉపగ్రహమో తప్పదు. ఇక్కడ నేపథ్యం అన్న మాట రెండు అర్థాల్లో వస్తున్నదని గమనించాలి. పరికరం సొంతంగా పుట్టించే దొంగ లెక్కలూ నేపథ్యమే, ఆకాశం నిజంగా పంపే వెలుగూ నేపథ్యమే. ఒక తారను చూసేవారికి రెండూ తీసిపారేయాల్సినవే. పటం గీసేవారు మొదటిదాన్ని తీసేసి రెండోదాన్ని దాచుకోవాలి, దాచుకున్నదాన్ని మళ్లీ పొరలుగా విడదీయాలి.

విడదీయడం ఎందుకు కష్టమో, నీడ ఎలా సాయపడుతుందో ధనుర్మాసపు తెల్లవారుజామున చీమకుర్తి చుట్టుపక్కల పొలాల్లో తేలిగ్గా బోధపడుతుంది. పొగాకు, మిర్చి చేల మీద మంచు కమ్మి ఉంటుంది. ఎటు చూసినా ఒకే తెలుపు. ఆ తెలుపులో ఎంత భాగం కళ్లెదుట నాలుగు బారల్లోపు ఉన్నదో, ఎంత భాగం చేను అవతలిదో చెప్పలేం. అప్పుడు దారి చూపేది గట్టు మీది తాటిచెట్టు. దాని మాను నల్లగా ఉంటుందని మనకు తెలుసు. ఇప్పుడది బూడిద రంగులో కనిపిస్తే ఆ తేడా అంతా మనకూ చెట్టుకూ నడుమ ఉన్న మంచుదే. చెట్టు పక్కన అంతకు మించి కనిపించే తెలుపు చెట్టుకు అవతలిది. చెట్టు ఎంత దూరంలో ఉందో తెలిస్తే మంచు ఎంత దూరానికి ఎంతుందో లెక్క వచ్చేస్తుంది. మంచు సొంతంగా వెలగదు, వెలుతురును చెదరగొడుతుంది. వేడి వాయువు సొంతంగా వెలుగుతుంది. ఆ తేడా ఉన్నా లెక్క మాత్రం ఇదే. ఆకాశంలో తాటిచెట్ల పని చేసేవి చల్లని ధూళి మేఘాలు. అవి వెనక నుంచి వచ్చే మెత్తని ఎక్స్-కిరణాలను ఆపేస్తాయి. మేఘం మీద ఇంకా మిగిలి కనిపించే వెలుగు ముందరిది, తగ్గిపోయిన వెలుగు వెనకది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. పరుచుకున్న వెలుగంటున్నది నిజంగా పరుచుకున్నదేనా? దూరపు ఊరి దీపాలన్నీ కలిసి ఒకే వెలుగుముద్దలా కనిపించినట్టు, విడివిడిగా కనిపించని లక్షల తారలూ నక్షత్ర మండలాలూ కలిసి ఇలా భ్రమ కలిగిస్తున్నాయేమో. ఈ అనుమానం చాలావరకు నిజమైంది కూడా. 1999లో ఎగిరిన 'చంద్ర' అనే ఎక్స్-కిరణ దుర్భిణి ఆకాశంలో చిన్న తునకలను రోజుల తరబడి గురిపెట్టి చూస్తే, గట్టి ఎక్స్-కిరణాల నేపథ్యంలో అత్యధిక భాగం దూరపు నక్షత్ర మండలాల మధ్యలో పదార్థాన్ని మింగుతున్న మహా కృష్ణబిలాలదని తేలింది. పాలపుంత పట్టీ పొడవునా కనిపించే మరో గట్టి వెలుగు కోట్ల డిగ్రీల వాయువుదని చాలాకాలం అనుకున్నారు. 2009లో చంద్రతోనే చూసినప్పుడు అందులో దాదాపు 80 శాతం విడివిడి చుక్కలుగా విడిపోయింది. అవి పక్క తార నుంచి పదార్థాన్ని లాక్కునే శ్వేత కుబ్జ తారల్లాంటివి. అంత వేడి వాయువైతే పాలపుంత ఆకర్షణ దాన్ని పట్టి ఉంచలేదు గనుక, చుక్కలుగా విడిపోవడం ఒక చిక్కుముడినే విప్పింది. కానీ ఇదే అనుమానాన్ని మెత్తని కిరణాలకు పూర్తిగా అన్వయించలేం. వాటిని శక్తి ప్రకారం విడదీస్తే ఆరు ఎలక్ట్రాన్లు ఊడిన ఆక్సిజన్, ఏడు ఊడిన ఆక్సిజన్ వేసే ముద్రలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కృష్ణబిలాల వెలుగు ఇలాంటి ముద్రలతో రాదు. ఇది పది, ఇరవై లక్షల డిగ్రీల వాయువు చేవ్రాలు. గట్టి కిరణాల్లో ఆకాశం చాలావరకు దీపాల ఊరు, మెత్తని కిరణాల్లో మంచు కమ్మిన చేను.

ఆ చేనుకు మొదటి మంచి పటం జర్మన్ ఉపగ్రహం రోశాట్ ఇచ్చింది. 1990 జూన్ 1న ఎగిరి, ఆరు నెలల్లో ఆకాశమంతా చుట్టి చూసింది. ఆ లెక్కల నుంచి స్టీవెన్ స్నోడెన్, ఆయన సహచరులు వేర్వేరు శక్తుల్లో పటాలు తయారు చేశారు. అన్నిటికంటే మెత్తని పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తికి ఇది కొలమానం) వెలుగు గురించి అప్పటిదాకా ఉన్న నమ్మకం ఏమిటంటే, అది దాదాపు మొత్తం సూర్యుడి ఇరుగుపొరుగుదే అని. ఆ కిరణాలు చల్లని హైడ్రోజన్‌లో కొన్ని వందల కాంతి సంవత్సరాలు కూడా సాగలేవు, పైగా అంతకు ముందు రాకెట్లు తెచ్చిన లెక్కలు కూడా అదే చెప్పినట్టు కనిపించాయి. సూర్యుడు ఒక వేడి బుడగ లోపల ఉన్నాడు, చూస్తున్నది దాని గోడల లోపలి వెలుగు అన్నది ఆ చిత్రం. ఆ చిత్రాన్ని మార్చింది ఒక నీడ. డ్రాకో తారల గుంపు వైపు వెయ్యి కాంతి సంవత్సరాలకు అవతల ఒక ధూళి మేఘం ఉంది. రోశాట్ దాన్ని చూస్తే ఆ మేఘం ఆకారంలోనే వెలుగు తగ్గిపోయింది, అదీ దాదాపు సగం. అంటే ఆ దిక్కున వెలుగులో సగం ఇంటిది, సగం ఎక్కడో పాలపుంత పళ్లేనికి పైనున్న వాయువుది. ఒక్క మేఘం చూపిన ఈ సంగతి అంత పెద్ద ఆకాశపటమూ ఒంటరిగా చూపలేకపోయింది. పటం వెలుగును చూపింది. దాని దూరాన్ని నీడ చెప్పింది.

అదే ఏడాది జూన్ నెలాఖరులో రోశాట్ చంద్రుడి వైపు తిరిగింది. ఎండ పడిన సగం ఎక్స్-కిరణాల్లో మెరిసింది, చీకటి సగం వెనకనున్న ఆకాశానికి అడ్డంగా నీడలా నిలిచింది. కానీ ఆ నీడ పూర్తిగా నల్లగా లేదు. తాటిచెట్టు లెక్క ప్రకారం దీనికి ఒకే అర్థం: ఆ కొద్దిపాటి వెలుగు చంద్రుడికి ఇవతల, నాలుగు లక్షల కిలోమీటర్ల లోపు పుడుతోంది. పాలపుంత పటంలో మన వాకిటి వెలుగు చొరబడిందన్నమాట. ఇది ఎక్కడిదన్న ప్రశ్నకు 1996లో హయాకుటాకే తోకచుక్క జవాబు వైపు నడిపించింది. మంచుముద్ద లాంటి తోకచుక్క ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంటే శాస్త్రజ్ఞులు విస్తుపోయారు. సూర్యుడి నుంచి నిరంతరం వీచే సౌర పవనంలో ఎలక్ట్రాన్లు ఊడిన ఆక్సిజన్, కార్బన్ అయాన్లుంటాయి. అవి చల్లని వాయువు తగలగానే దాని నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి, ఆ ఎలక్ట్రాన్ మెట్లు దిగుతూ ఎక్స్-కిరణాన్ని వదులుతుంది. తోకచుక్క చుట్టూ జరిగేదే భూమిని ఆవరించిన పలచని హైడ్రోజన్‌లోనూ, సౌరకుటుంబంలోకి చొరబడే తారాంతర వాయువులోనూ జరుగుతుంది. అప్పుడు రోశాట్ లెక్కల్లోని మరో చిక్కు విడిపోయింది. దాని పటంలో కొన్ని పట్టీలు కొన్ని రోజులపాటు అకారణంగా వెలిగి మళ్లీ తగ్గేవి. పటం చెడకుండా వాటిని కొలిచి తీసేశారు. అవి సౌర పవనపు హెచ్చుతగ్గులని తర్వాత తెలిసింది. చెత్త అని పక్కన పెట్టినదే ఒక కొత్త విషయమై నిలిచింది.

దీంతో రెండో అభ్యంతరం మొదటిదానికంటే పదునుగా వచ్చింది. ఇంటి వెలుగంతా సౌర పవనానిదే అయితే సూర్యుడి చుట్టూ వేడి బుడగ అనేదే లేదేమో. ఈ ప్రశ్నను ఊరికే తోసిపుచ్చలేం, ఎందుకంటే సౌర పవనం వేసే ఆక్సిజన్ ముద్రలూ వేడి వాయువు వేసేవీ దాదాపు ఒకే చోట పడతాయి. జవాబు కోసం మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన మాసిమిలియానో గలియాజీ బృందం 2012 డిసెంబరు 12న ఒక రాకెట్ పంపింది. ఆ నెలను ఎంచుకోవడంలోనే కిటుకుంది. తారల మధ్య నుంచి వచ్చే హీలియంను సూర్యుడి ఆకర్షణ ఒక శంకువులా కూడగడుతుంది. ఏటా డిసెంబరులో భూమి దాని గుండా సాగుతుంది. ఆ దిక్కున హీలియం చిక్కబడితే సౌర పవనపు వెలుగు ఎంత పెరుగుతుందో కొలిస్తే మిగతా ఆకాశంలో దాని వాటా లెక్కగట్టవచ్చు. పాలపుంత పట్టీ వైపు పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెలుగులో ఆ వాటా దాదాపు 40 శాతమని తేలింది. బుడగ చిన్నబోయింది గానీ పోలేదు. దీనికి ఎక్స్-కిరణాలతో సంబంధం లేని సాక్ష్యాలూ తోడయ్యాయి. తారల దూరాలను, ధూళి ఆనవాళ్లను కలిపి చూస్తే సూర్యుడి చుట్టూ ధూళి లేని పెద్ద ఖాళీ కనిపిస్తుంది; కోటీ నలభై లక్షల ఏళ్లుగా పదిహేను దాకా పేలిన తారలు ఆ ఖాళీని తొలిచాయని 2022లో ఒక పరిశోధన లెక్కగట్టింది. సముద్రపు అడుగున నెమ్మదిగా పేరుకునే రాతి పెచ్చుల్లో ఇనుము-60 అనే రేడియోధార్మిక రూపం దొరికింది. దాని అర్ధాయువు 26 లక్షల ఏళ్లే కాబట్టి భూమి పుట్టినప్పటిది మిగిలి ఉండే వీలు లేదు. ఇరవై ముప్పై లక్షల ఏళ్ల కిందట దగ్గర్లో పేలిన తారల నుంచి రాలినదే అయ్యుండాలి. ఆకాశం చెప్పిన మాటను భూమ్మీది రాయి బలపరిచింది.

వాకిటి మంచును తప్పించుకోవాలంటే వాకిలి దాటిపోవాలి. 2019 జూలై 13న ఎగిరిన ఈరోసీటా దుర్భిణి చేసిన పని అదే. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల నిలబడింది కాబట్టి భూమిని ఆవరించిన హైడ్రోజన్ బెడద దానికి లేదు. సూర్యుడు పదకొండేళ్ల చక్రంలో మందకొడిగా ఉన్న కాలం కావడం మరో కలిసొచ్చిన సంగతి. రష్యా ఉపగ్రహం మీద నిలిచిన ఈ జర్మన్ పరికరం ఆకాశాన్ని నాలుగుసార్లు పూర్తిగా చుట్టింది. 2022 ఫిబ్రవరిలో పరిశీలనలు ఆగిపోయాయి. ఆకాశంలో సగం లెక్కలు జర్మనీ వారివి, సగం రష్యా వారివి. జర్మనీ సగం నుంచి తొలి చుట్టు ఫలితాలు 2024 జనవరిలో వెలువడ్డాయి. ఒక్క ఆ చుట్టులోనే దాదాపు తొమ్మిది లక్షల మూలాలు దొరికాయి. అదే ఏడాది ఆ లెక్కలతోనే మన ఇంటి బుడగకు కొత్త పటం గీశారు. పాలపుంతకు దక్షిణపు వైపు వాయువు ఉత్తరపు వైపు కంటే వేడిగా ఉంది, సెంటారస్ తారల గుంపు దిక్కుగా ఒక వేడి సొరంగం సాగిపోతోంది. బుడగ గుండ్రటి తిత్తి కాదన్నమాట. మట్టి కింద చీమల పుట్టల్లా ఒకదానిలోకి మరొకటి దారి తీసే అరల్లో ఇదొకటి అయ్యుండవచ్చు. ఈ పనిలో కూడా ముందు వెనకలు తేల్చినవి దూరం తెలిసిన చల్లని మేఘాల నీడలే.

నీడ దొరకని చోట ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఈరోసీటా పటంలోనే ఉంది. 2020 డిసెంబరులో ఆ బృందం పాలపుంత కేంద్రానికి పైనా కిందా చెరో 45 వేల కాంతి సంవత్సరాల ఎత్తున ఉబ్బిన రెండు మహా బుడగలను ప్రకటించింది. 2010లో గామా కిరణాల్లో కనిపించిన చిన్న బుడగలను ఇవి ఆవరించి ఉన్నట్టున్నాయి. కేంద్రంలోని కృష్ణబిలం గానీ అక్కడి తారల పేలుళ్లు గానీ ఎప్పుడో చిమ్మిన శక్తికి ఇవి గుర్తులని వివరణ. ఐతే పైబుడగ అంచులో అన్నిటికంటే వెలిగే భాగం ఉత్తర ధ్రువ వంపు. అది కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరాన పేలిన తారల చిప్ప అని వాదించేవారున్నారు. ఒకే చూపు రేఖ మీద రెండూ పడవచ్చు, పటంలో దూరం అనే గీత లేదు మరి. కింద అద్దంలో చూసినట్టు రెండో బుడగ కనిపించడం కేంద్రం వాదనకు బలం. కానీ పోలిక కొలత కాదు. వంపులోని ఏ భాగం మీద ఏ దూరపు మేఘం నీడ పడిందో పూర్తిగా తేలేదాకా రెండు పక్షాలూ తమ మాట నిలుపుకోగలవు. ఇది శాస్త్రానికి లోటు కాదు. ఏ సాక్ష్యం వస్తే ఎవరు ఒప్పుకోవాలో ముందే తెలిసిన తగవు ఇది.

దూరాన్ని చెప్పే రెండో కొలబద్ద కూడా ఒకటుంది: కాలం. మంచు గాలికి కదులుతుంది, దాని వెనక కొండ కదలదు. గంటల్లో, రోజుల్లో మారే ఎక్స్-కిరణ వెలుగు వాకిటిదే. పాలపుంత వాయువు మన జీవితకాలంలో మారదు. అందువల్ల ఒకే దిక్కును ఏళ్ల తరబడి చూస్తే మారిన భాగం సూర్యుడిదనీ, మారని భాగం తారల లోకానిదనీ విడదీయవచ్చు. దీనికి భారీ అద్దాలు అక్కర్లేదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 2018లో పంపిన హాలోశాట్ అడుగు పొడవు పెట్టెంత ఉండేది. ఒక్క చూపుకు పది డిగ్రీల ఆకాశం పట్టేది. అంత చిన్నదే రెండేళ్లకు పైగా తిరిగి, పాలపుంతను ఆవరించిన ఇరవై లక్షల డిగ్రీల వాయువు ముక్కలు ముక్కలుగా ఉందనీ, తారలు ఎక్కువగా పుట్టే చోట్లకు దగ్గరగా చిక్కబడిందనీ చూపింది. ఆస్ట్రోశాట్ మెత్తని ఎక్స్-కిరణ దుర్భిణి నిండు చంద్రుడి కంటే కాస్త పెద్ద తునకనే ఒకసారి చూస్తుంది. తారల మీద గురికి అది కావలసిందే గానీ ఆకాశమంతా పరుచుకున్న వెలుగుకు వెడల్పాటి కన్ను కావాలి. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల మీద చిన్న పరికరాలకు చోటు దొరుకుతోంది, ఆరు డిగ్రీల వాలు కక్ష్య మనకు అలవాటైనది, దొంగ లెక్కలను తగ్గించడం హైదరాబాదు బెలూన్ల నాటి నుంచి చేతనైన విద్య. ఇలాంటి చూపువల్ల ఏం ఒరుగుతుందని అడగవచ్చు. పంటకు ధర పెరగదు, నిజమే. కానీ సూర్యుడు ఏ తారల పేలుళ్ల మధ్య తిరుగుతున్నాడో, ఆ పేలుళ్ల బూడిద మన సముద్రాల అడుక్కి ఎలా చేరిందో తెలుసుకోవడం మన ఊరి కొండ ఎప్పుడు ఎలా ఏర్పడిందో తెలుసుకోవడం లాంటిదే. చిరునామా తెలియకుండా ఉండటానికి ఎవరూ ఇష్టపడరు. ఒక సౌర చక్రం పొడవునా, పదకొండేళ్లపాటు, ఓపిగ్గా అవే మేఘాల వైపు చూసే వెడల్పాటి కన్ను ఒకటి మన నుంచి వెళితే, మారే వెలుగు ఏదో మారని వెలుగు ఏదో లెక్క తేలుతుంది. ఆ మేఘాలు ఎక్కడికీ పోవు. చేను గట్టు మీది తాటిచెట్ల లాగా నిలబడి ఉంటాయి.